ఎవరి పేరు వాళ్లే చెప్పాలి

మా అత్త రాహేలమ్మని చూడ్డానికి వచ్చేవాళ్లు చెప్పులు విప్పకముందే ఒక మాట అడుగుతారు. "నేనెవరో చెప్పు చూద్దాం?"

పళ్లు తెస్తారు, రొట్టె తెస్తారు, ప్రార్థన చేసి పోతారు. ముందు మాత్రం పరీక్ష పెడతారు. పాస్టరుగారు పెట్టాడు, పాలవాడు పెట్టాడు, ఎప్పుడో పదేళ్ల కింద మా వీధిలో అద్దెకున్నవాళ్లు కూడా వచ్చి పెట్టారు. కాలు విరిగినవాణ్ణి ఎవరూ పరిగెత్తి చూపించమనరు. మతి తప్పుతున్న మనిషిని మాత్రం వచ్చిన ప్రతివాడూ గుర్తుపట్టమంటాడు.

మా అత్త గట్టిది. డెబ్బై ఒక్కేళ్లు. అందులో ముప్పై ఎనిమిదేళ్లు గుంటూరు మిరప యార్డులో తొడిమలు తీసింది. "నువ్వా... నువ్వు మనోడివే గదయ్యా. పిల్లలు బాగుండారా?" అని తప్పించుకునేది. పిల్లల్లేని వాళ్లు కూడా బాగున్నారనే చెప్పేవాళ్లు. వాళ్లు పోయాక సాయంత్రం దాకా ఇంట్లో చుట్టూ తిరిగేది. కొంగుకి ముడి వేసేది, విప్పేది. ఆ ప్రశ్నకీ ఈ తిరుగుడుకీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. నేనూ తక్కువ తినలేదు. రోజూ పొద్దున కాఫీ గ్లాసు చేతికిచ్చి అడిగేదాన్ని, "నేనెవర్ని అత్తా?"

జబ్బు పేరు అల్జీమర్స్ అని చెప్పారు. నేను ఆశా వర్కర్ని. బీపీ గురించి, షుగరు గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పినదాన్ని. నా ఇంట్లోకి వచ్చినదాని గురించి నాకు ఒక్క ముక్క తెలియదు.

అమరావతి రోడ్డులో కొత్తగా పెట్టిన పరిశోధన కేంద్రంలో ఈ జబ్బుకి తలకి ఏదో టోపీ పెట్టి వైద్యం చేస్తున్నారని మా ఆయన ఇమ్మానియేలు వినొచ్చాడు. ఆయన ఆటో నడుపుతాడు. సవారీల దగ్గర అన్నీ వింటాడు. అక్కడి డాక్టరు హిమజ, ముప్పై అయిదేళ్లుంటాయి, మమ్మల్ని గదిలోకి తీసుకెళ్లకుండా బయట ఆటో దగ్గరికే వచ్చింది.

"మీ బండిలో పెట్రోలుంది. ఇంజను బాగుంది. పైపులో మడ్డి పట్టింది. కదులుతుందా?"

"యాడ కదులుద్ది?" అన్నాడు మా ఆయన.

"అమ్మ తలలో జరిగేదీ అదే. ఒక రకం మడ్డి పేరుకుంటుంది. చివరికి ఇంజనూ చెడుతుంది, అది వేరే సంగతి. కానీ అంతకుముందు చాలాకాలం జ్ఞాపకం లోపలే ఉంటుంది, దారే మూసుకుపోతుంది. మా టోపీ ఒక శబ్దం పంపిస్తుంది, చెవికి వినపడదు. దాంతో మడ్డి కాసేపు పక్కకి జరుగుతుంది. నలభై నిమిషాలు. తర్వాత మళ్లీ మూసుకుంటుంది."

"నలభై నిమిషాలు మా అమ్మ మా అమ్మలాగా ఉంటదా?"

"ఉంటుంది."

ఆ మాట నిజం. టోపీ పెట్టిన నాలుగో నిమిషంలో మా అత్త మెడ నిటారుగా అయింది. కళ్లు గదంతా తిరిగొచ్చి కొడుకు మీద ఆగాయి.

"ఇమ్మానియేలూ, ఆ గడ్డమేందిరా? ఎవురన్నా పోయారా?"

మా ఆయన నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఇది శాంత. నా ఇంటికొచ్చిన రౌడీ."

ఇన్నేళ్ల కాపురంలో నాకు అంత తియ్యటి మాట ఎవరూ చెప్పలేదు. అంతకుముందు రెండు నెలలుగా ఆమె నా పేరు ఎత్తలేదు మరి.

తర్వాత హిమజ ఫోటోల కట్ట బయటికి తీసింది. నలభై ఫోటోలు, కొన్ని మేమిచ్చినవి, కొన్ని వాళ్లవి. "ఇదెవరమ్మా? ఇదేం వస్తువు? ఇదెక్కడ?" టోపీ లేకుండా నలభైకి ఆరు వచ్చేవి. టోపీతో ముప్పై ఒకటి. కాగితం మీద ముప్పై ఒకటి చూసి అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

అక్కణ్ణించి మంగళవారం, శుక్రవారం మా బంధువులకి తిరునాళ్లే. టోపీ వేళకి వచ్చి వరసగా నిలబడేవాళ్లు. ఆమె పేరు పిలిస్తే పొంగిపోయి సెల్‌ఫోన్లో తీసుకునేవాళ్లు. చిలకలూరిపేట నుంచి మా ఆడపడుచు మార్త వదిన ప్రతిసారీ పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. ఆమె తల్లికి చెప్పకుండా, నచ్చినవాణ్ణి చేసుకుంది. మా అత్త ఆ పెళ్లికి పోలేదు. తర్వాత రాకపోకలు కలిశాయిగానీ ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తాలని వదిన తాపత్రయం.

"అమ్మా, నా మీద ఇంకా కోపం ఉందా?" అని ఒక శుక్రవారం అడగనే అడిగింది.

మా అత్త నోరు తెరిచింది. "టైము అయిపోతోంది, ఇంకా పదకొండు ఫోటోలున్నాయి," అంది హిమజ. ఆ పదకొండూ అయ్యేసరికి దారి మళ్లీ మూసుకుపోయింది. మా అత్త కూతుర్ని చూసి, "పిల్లలు బాగుండారా?" అంది.

టోపీలో మార్కులు పెరుగుతూ పోయాయి. ముప్పై మూడు, ముప్పై అయిదు, ముప్పై ఆరు. ఇంట్లో మనిషి మాత్రం దిగజారిపోయింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగేది కాదు. స్నానం చేయించబోతే నా మణికట్టు కొరికింది. ఆటో స్టార్ట్ అయిన చప్పుడు వింటే ద్వారబంధం పట్టుకుని వేలాడేది. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఎక్కించాల్సి వచ్చేది. ఎక్కించేదాన్ని. ఆ పని నేనే చేశాను, నా చేతులతో.

హిమజని అడిగితే బాధపడింది. ఆమె చెడ్డది కాదు. అదే కష్టం, చెడ్డవాళ్లయితే మొదటిరోజే తగువు పెట్టుకునేదాన్ని.

"జబ్బు ముదురుతోంది, శాంతకుమారి గారూ. కానీ టోపీలో చూడండి, ఎంత బాగుందో. అందుకే మేం బిళ్ల గురించి ఆలోచిస్తున్నాం."

బిళ్ల అంటే రూపాయి నాణెమంత పలక. పుర్రె కింద పెడతారు. టోపీ చేసే పనే చేస్తుంది, కానీ రోజంతా. దారి మూసుకోదు. మనుషుల్లో మా అత్తే మొదటిది. తేదీ పెట్టారు, సోమవారం. మా ఆయన సంతకం పెట్టాడు. మార్త వదిన సాక్షి సంతకం పెట్టి, "ఇక రోజంతా మాట్లాడుకోవచ్చు," అంది. నాకు కాదనడానికి కారణం దొరకలేదు. అప్పటికి పది రోజులుంది.

మర్నాడు పక్కింటి సైదమ్మ తొడిమలు తీయడానికి మిరపకాయల బస్తా ఇంటికి తెచ్చుకుంది. వసారాలో గుమ్మరించింది. నేను రిజిస్టరు రాసుకుంటూ తలెత్తేసరికి మా అత్త కనపడలేదు. బయటికి పరిగెత్తాను. చూస్తే సైదమ్మ వాళ్ల వసారాలో ఉంది. తువ్వాలు ముఖానికి చుట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి, రాశి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కుడిచెయ్యి కాయని పట్టడం, బొటనవేలు తొడిమని తుంచడం, కాయ చాటలో పడటం. చిన్నప్పటి నుంచి ఆ పనే చేస్తున్న సైదమ్మ కూడా ఆ చేతిని అందుకోలేకపోయింది.

"మీ అత్తకి మతి లేదంటివే? నాకంటే ముందు రాశి అవగొట్టేట్టుంది," అంది సైదమ్మ.

మూడు గంటలు కూర్చుంది. తర్వాత గోంగూర పచ్చడి అన్నం తిన్నది. నమిలి, మింగి, ఇంకాస్త పెట్టమంది. అప్పుడు చూశాను ఆమె చేతికున్న పట్టీని. కేంద్రంవాళ్లు కట్టింది అది. గుండె అదురు, చెమట కొలుస్తుంది. మామూలుగా ఉంటే ఆకుపచ్చ దీపం, అదిరితే ఎర్ర దీపం. ఎర్రగా ఉండి గుండె నొప్పి అంటే ఫోన్ చెయ్యమన్నారు. నొప్పి అని ఆమె ఎప్పుడూ అనలేదు, మేం ఎప్పుడూ చెయ్యలేదు. ఆకుపచ్చ దీపం నేను చూడటం మాత్రం చాలా రోజులకి అదే మొదటిసారి.

గర్భిణీ స్త్రీల వివరాలు రాసే పాత రిజిస్టరు ఒకటి తీశాను. ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా అంతకుముందు క్షణం ఏం జరిగిందో రాయడం మొదలుపెట్టాను. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. రెండు రోజులకే తేలిపోయింది. "నేనెవరు?" అని పాలవాడు, ఎరుపు. "ఇవాళ ఏం వారం చెప్పు," అని ఇమ్మానియేలు, ఎరుపు. "నేనెవర్ని అత్తా?" అని నేను, కాఫీ గ్లాసుతో, ఎరుపు. ఆ వరస రాసేటప్పుడు నా పెన్ను ఆగిపోయింది. కాసేపటికి అది కూడా రాశాను.

మంగళవారం కేంద్రంలో మూడో ఫోటోకే ఎర్ర దీపం వెలిగింది. ముప్పై ఆరు మార్కులు వచ్చాయి. టోపీ తీశారు. ఆటోలో ఎరుపు. ఇంటికొచ్చాక ఎరుపు. పొయ్యి మీద అన్నం ఉడికేవేళకీ ఎరుపే.

"ఇందాక టోపీ పెట్టారుగా అత్తా, నొప్పి పుట్టిందా?"

"ఏం టోపీ?"

నిజంగానే ఏం గుర్తు లేదు. ప్రశ్నని మర్చిపోయింది, ఫోటోల్ని మర్చిపోయింది, ఆ గదిని మర్చిపోయింది. భయాన్ని ఒళ్లు మర్చిపోలేదు. ఎందుకు భయపడుతోందో తెలియకుండా భయపడుతూ కూర్చుంది. మళ్లీ శుక్రవారం దాని మీద ఇంకాస్త పోస్తాం.

బుధవారం పొద్దున రిజిస్టరు చంకలో పెట్టుకుని కేంద్రానికి పోయాను. హిమజ మొదట వాదించింది. ఒక్క మనిషి మీద రాసింది లెక్కలోకి రాదంది. "ఒక్క మనిషి మీదే గదా బిళ్ల పెడుతోంది?" అన్నాను. ఆమె కంప్యూటరు తెరిచింది. పట్టీ కొలతలు పద్నాలుగు వారాలవి అందులోనే ఉన్నాయి. గుండె భద్రత అని వేరే ఫోల్డర్లో పడేశారు. మార్కుల గీత పక్కన ఆ గీత పెట్టి చూసింది. మార్కులు ఎక్కిన ప్రతిచోటా భయం ఇంకా పైకి ఎక్కింది. దిగిన ప్రతిసారీ ముందటి కంటే ఎత్తులో ఆగింది.

"మేం జ్ఞాపకాన్ని కొలిచాం," అంది.

"మీకు కావాల్సింది కొలిచారు. మాకు కావాల్సింది మేం అడిగాం. ఆమెకేం కావాలో ఎవరం అడగలేదు. టోపీ పెట్టినప్పుడు తెలివిలోనే ఉంటది గదా? అప్పుడు అడగండి, ఫోటోలు పక్కనబెట్టి."

ఇంట్లో పెద్ద గొడవైంది. ఫోన్లో మార్త వదిన అరిచింది. "నీకేం, నువ్వు కోడలివి! ఆమె గుర్తుపట్టకపోతే నీకు పోయేదేముంది? నేను రాను, మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి." మా ఆయన అన్నం తినకుండా లేచిపోయాడు. ఆయన భయం నాకు అర్థమైంది. బిళ్ల వద్దంటే అమ్మని రెండోసారి పోగొట్టుకోవడమే, ఈసారి తెలిసి తెలిసి.

శుక్రవారం టోపీ పెట్టారు. నాలుగు నిమిషాలకి మెడ నిటారుగా లేచింది. బల్ల మీద ఫోటోలు లేవు. మా అత్త బల్లని చూసి, మమ్మల్ని చూసింది.

"ఇవాళ పరీక్ష లేదా?"

"లేదమ్మా," అంది హిమజ. బిళ్ల గురించి చెప్పింది, ఏం పెడతారు, ఎక్కడ పెడతారు, ఎంతసేపు పనిచేస్తుంది. "మీకు కావాలా, వద్దా?"

మా అత్త చాలాసేపు తన చేతులే చూసుకుంది.

"ఈ టోపీ పెడితే ఎట్టుంటదో తెలుసా అమ్మాయ్? కొంప కాలిపోయినాక దీపం పట్టుకుని లోపల తిరిగినట్టుంటది. ఇక్కడ మంచం ఉండేది, ఇక్కడ పెట్టె ఉండేది. పోయినయ్యన్నీ కనపడతయ్. తీసినాక కాలిందన్న సంగతే తెలీదు. కమురు కంపు మాత్రం ముక్కులోనే ఉంటది. యాడిదో తెలీదు, ఎందుకో తెలీదు. రోజంతా దీపం పెడతామంటన్నారు. నాకొద్దు."

హిమజ అదే ప్రశ్న ఇంకో రెండు రకాలుగా అడిగింది. రెండుసార్లూ అదే జవాబు. మూడోసారి కూడా అడగబోతే, "నీకు మతిమరుపా, నాకా?" అంది మా అత్త.

మా ఆయన ముందుకి వంగాడు. "మరి మమ్మల్ని మర్చిపోతావు గదమ్మా."

"మర్చిపోతే మీ పేరు మీరు చెప్పుకోండిరా. నోరు పడిపోయిందా?" గసిరింది. "యార్డులో ఘాటుకి మొకాలకి గుడ్డలు కట్టుకునేవోళ్లం. షెడ్డులో నూట ఇరవై మంది ఆడాళ్లం. కళ్లు తప్పితే ఏం కనపడేవి కావు. పక్కన కూకున్నది తోడబుట్టిందైనా తెలిసేది కాదు. అందుకని వచ్చినమ్మ వచ్చినట్టు 'నేను సుగుణమ్మని, నీ పక్కన కూకుంటన్నా' అని చెప్పి కూకునేది. అదీ మర్యాద. చెప్పకుండా వచ్చి నేనెవరో చెప్పుకో అంటే చాట తిరగేసి కొట్టేవోళ్లం."

పద్నాలుగు వారాలు, ఒక ప్రయోగశాల, నలభై ఫోటోలు. ఆ ముక్క ఆమె మొదటిరోజే చెప్పేది, అడిగుంటే.

"ఇంకెన్ని నిమిషాలుండాయి?"

"ఇరవై రెండు," అంది హిమజ.

"టీ తెప్పించు."

టీ తాగాం. మిషను చుట్టూ కుర్చీలు లాక్కుని, పని మధ్యలో ఆడాళ్లు కూర్చున్నట్టు కూర్చున్నాం. హిమజకి పెళ్లయిందా అని ఆరా తీసింది. కాలేదంటే, తొందరేం లేదులే, చూసి చేసుకోమంది. మా ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది, ఏం చెప్పలేదు. చేతి దీపం ఒకసారి ఎర్రగా వెలిగి, మళ్లీ ఆకుపచ్చకి దిగింది. ఎనిమిది నిమిషాలు మిగిలుండగానే తనే రెండు చేతులతో టోపీ తీసి బల్ల మీద పెట్టేసింది.

శనివారం తలుపు మీద సుద్దతో రాశాను: "ముందు మీ పేరు చెప్పండి. ప్రశ్నలు వేయరాదు." ఆదివారం పాస్టరుగారు అది చదివి, "ఇదేమన్నా మీ ఆశా వర్కర్ల ధర్నా టెంటా, శాంతమ్మా?" అన్నాడు. "అవునండీ, పేరు చెప్పి లోపలికి రండి," అన్నాను. చెప్పాడు. మా అత్త ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది.

ఆ తర్వాత నేర్చుకున్నవి ఇంకా ఉన్నాయి. అద్దంలో ముసలామెని చూసి ఎవరో వచ్చారని బెదిరేది, దాని మీద గుడ్డ కప్పాం. తిండికీ నిద్రకీ రోజూ ఒకటే వేళలు పాటించాం. ఎప్పుడో పోయిన చుట్టం ఏడని అడిగితే "వస్తాడులే" అన్నాం తప్ప "చచ్చిపోయాడు గదా" అని వాదించలేదు. వీధిలో అయిదుగురు ఆడాళ్లం వంతులు వేసుకున్నాం, ఎందుకంటే ఒక్క మనిషి ఈ పని చేస్తే ఆ మనిషి కూడా మంచాన పడుతుంది. ఇది త్యాగాల వ్యవహారం కాదు, షిఫ్టుల వ్యవహారం. జబ్బు తగ్గలేదు. తగ్గదు. ఒకసారి రెండు వీధులు దాటి పోయింది, వెతికి తెచ్చుకున్నాం. పక్క తడుపుతుంది. కానీ ముద్ద మింగుతుంది, ద్వారబంధం పట్టుకుని వేలాడదు. కేంద్రంలో బిళ్లని ఆపేశారు. టోపీ కావాలన్నవాళ్లకి ఇప్పటికీ పెడుతున్నారు, కొందరికి అది మేలే చేస్తోందట. పెట్టేముందు వాళ్లనే అడుగుతున్నారు. మార్కుల పక్కన భయానికి ఒక గడి గీసింది హిమజ.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ సోమవారం, బిళ్ల పెట్టాల్సిన రోజున, మధ్యాహ్నం రెండింటికి మార్త వదిన వచ్చింది. తగువుకే వచ్చింది, నడకలోనే తెలిసింది. తలుపు మీద రాత చదివి ఆగిపోయింది.

"మా అమ్మకి నా పేరు నేను చెప్పుకోవాలా?"

"చెప్పి చూడు వదినా."

"చెప్పను."

గుమ్మంలోనే నిలబడింది. లోపల మా అత్త చాటలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. చాలాసేపటికి వదిన చెప్పులు విప్పింది. దగ్గరికి పోయి, "నేను మార్తని. నీ పక్కన కూర్చుంటన్నా," అంది.

మా అత్త మొహం విప్పారింది.

"మార్తనా! మా పెద్దమ్మాయి పేరు కూడా అదే. కూకో, కూకో."

వదిన కళ్లు నా వైపు తిరిగాయి. నేనే నీ మార్తని అనబోతోంది. వద్దని తల ఊపాను. పెదవి కొరుక్కుని, ఒక చింతపండు తునక చేతిలోకి తీసుకుంది.

"ఎట్టాంటిది మీ అమ్మాయి?"

"మొండిది. నా పోలికే." మా అత్త గింజ తీసి పక్కన వేసింది. "నాకు చెప్పకుండా పెళ్లి కుదుర్చుకుంది. పంతానికి నేను పోలా. పోదామని కొత్త చీర కొన్నా తెలుసా? కట్టుకున్నా. కట్టుకుని గడప దాకా వచ్చి కూలబడ్డా. చర్చిగుడిలో పెళ్లి గంట కొట్టేదాకా ఆడనే కూకున్నా. కాళ్లు లేవలా." ఇంకో గింజ. "పోయుంటే బాగుండేది. బంగారం లాంటి పిల్ల అది. దానికి చెప్పమాక, నెత్తినెక్కుద్ది."

"చెప్పనులే," అంది మార్త వదిన.

చెంపల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు, చేతులకి చింతపండు. మా అత్త అది చూసి తన కొంగుతో తుడిచింది. "పులుపు కళ్లలో పడ్డట్టుంది, చూసుకో అమ్మాయ్," అంది. ఆమె చేతి మీద దీపం ఆకుపచ్చగా ఉంది.

చిలకలూరిపేట బస్సు వేళయిందని గుర్తుచేశాను. వదిన లేవలేదు. చాట కాస్త తన వైపు లాక్కుని, "ఇంకా చెప్పు, మీ మార్త సంగతులు," అంది.